ధాతువు

దేవనకొండ హైస్కూల్లో పొద్దున ఆరున్నరకు
ఆడపిల్లలకు రగ్బీ నేర్పుతాను.
బంతి గుండ్రంగా ఉండదు, బుడంకాయలా ఉంటుంది.
నేలకు తగిలాక ఎటు ఎగరాలో దానికే తెలీదు.
ఉరకడం ముందుకే,
చేత్తో ఇవ్వడం మాత్రం వెనక్కే.
"ఇదేం ఆట మేడం,
ఎనక్కిచ్చుకుంటా ముందుకు పోయేది?"
మొదటిరోజే అడిగింది ఖాజాబీ.

జట్టుకు ఏడుగురు. ముగ్గురు సుగ్గికి పోయారు
గుంటూరు దిక్కు, మిరపకాయలు కోయను, అమ్మానాన్నల వెంట.
వాళ్ళ చోట ఆరో తరగతి పిల్లలు,
మోకాళ్ళ దాకా జారే జెర్సీలు.

మైదానం కాలుతున్న ఒక మధ్యాహ్నం
వరండాలో కూర్చోబెట్టి ఒక కప్పు కథ చెప్పాను.
కలకత్తాలో దొరల క్లబ్బొకటి ఈ ఆట ఆడేది.
ఎండకు కొందరు, పోలోకు కొందరు జారుకున్నారు.
ఊరికే పోసే మందు ఆగిపోయాక
ఇంకా చాలామంది.
చివరికి బ్యాంకులో మిగిలినవి
రెండొందల డెబ్భై వెండి రూపాయలు.
పంచుకోలేదు, తాగలేదు. కరిగించారు.
పిడులుగా మూడు నాగుపాములు,
మూత మీద ఏనుగు.
ఓడ మీద సీమకు పంపారు.
అప్పటినుంచీ ఇంగ్లండూ స్కాట్లాండూ
దానికోసం కుమ్ముకుంటున్నాయి.

"ఎప్పుడు మేడం ఇది?"
పద్దెనిమిది వందల డెబ్భై ఏడు, ఎనిమిది, ఆ మధ్య.

ఈరమ్మ మాట్లాడే పిల్ల కాదు,
స్క్రమ్‌లో తప్ప ఎక్కడా తల దూర్చదు.
"మా అవ్వ చెప్పే ధాత కరువు గూడా
అప్పుడే గదా మేడం?"

అప్పుడే.
ధాతు నామ సంవత్సరం. ఇక్కడ దాన్ని
సంవత్సరమనరు, కరువనే అంటారు.
బతికుంటే బలుసాకు తినొచ్చని సామెత.
ఆ ఏడు బలుసాకు కూడా మిగల్లేదని ఈరమ్మ అవ్వ మాట.
రాళ్ళు కొట్టే మగాడికి
రోజుకు పౌను గింజలు, ఒక అణా.
నేను లెక్కల టీచర్ని కాను.
అయినా సుద్దముక్క తీసి గోడ మీద వేశాను:
రెండొందల డెబ్భై ఇంటూ పదహారు,
నాలుగువేల మూడొందల ఇరవై అణాలు.
దాని కింద గీత గీశాను,
ఏం రాయాలో తోచలేదు.
ధాతువంటే లోహమని కూడా అర్థముంది.
చెప్పలేదు. చెబితే
పరీక్షలో వస్తుందా అని అడుగుతారు.

ఆలూరులో పోటీ.
టాస్‌కు బిళ్ళ కావాలన్నాడు రిఫరీ,
డబ్బులన్నీ ఫోన్‌లో ఉండే మనిషి.
ఈరమ్మ మెడలో నల్లదారం లాగింది.
ఆటకు ముందు ఎట్లాగూ తీయాల్సిందే.
జెర్సీ లోంచి వెండి రూపాయి.
రాణి బొమ్మ, కిరీటం మీద చిల్లు.
అవ్వది. అవ్వకు వాళ్ళ అవ్వ ఇచ్చింది.
ఆ కరువులో గింజలకు మారకుండా
ఇదొక్కటి ఎట్ల మిగిలిందో
ఇంట్లో ఎవరికీ తెలీదట.

ఎగిరింది. ఎండలో ఒకసారి మెరిసింది.
రేగడి నేల నోరు తెరుచుకునే ఉంది,
మింగేసింది.

ఇటు ఏడుగురు, అటు ఏడుగురు
మోకాళ్ళ మీద పడ్డారు,
భుజానికి భుజం ఆనించి, తలలు నెర్రె మీదికి వంచి.
ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి స్క్రమ్ అదే,
విజిల్ కూడా వేయలేదు.
పుల్లతో, పిన్నుతో, చివరికి
ఖాజాబీ సన్నటి వేళ్ళతో బయటికొచ్చింది.
బొమ్మో బొరుసో చెప్పలేం, రెండువైపులా మట్టే.
"పోనీలేక్కా, మీరే మొదలుపెట్టుకోండి"
అన్నారు ఆలూరు పిల్లలు.
రూపాయి నా కొంగున ముడేసుకున్నాను.

ఆ వెండి కప్పుకు మొదటి ఆట
సమానంగా ముగిసిందట.
మేం ఓడిపోయాం, ఇరవై రెండు, ఐదు.
ఆ ఐదూ ఈరమ్మవి.
గీత అవతల బంతిని నేలకదిమి
లేవకుండా కాసేపు అట్లే పడుకుంది.

తిరుగు బస్సులో అందరూ నిద్ర.
నా గోళ్ళలో ఇంకా నల్లమట్టి.
దేవనకొండ స్టాపులో
దిగబోతూ ఆగి, చెయ్యి చాపింది:
"మేడం, నా రూపాయి."